పోలండ్‌లోని వియ్యాలవారింటికి వెళ్తున్నారా? వీసా నుంచి వీడ్కోలు దాకా సమగ్ర మార్గదర్శి

వియ్యంకుడు అనే మాటకి ఇంగ్లీషులో సరైన పదం లేదు. పోలిష్‌లో ఉంది. అల్లుడి తండ్రినో కోడలి తండ్రినో వాళ్లు ‘స్ఫాత్’ అంటారు. కొంచెం పాతకాలపు మాటే అయినా పల్లెటూళ్లలో, పెద్దవాళ్ల నోట ఇంకా వినిపిస్తుంది. పిల్లల పెళ్లితో రెండు కుటుంబాలకీ చుట్టరికం కలుస్తుందని అనుకునే జనం కాబట్టే దానికొక మాట పెట్టుకున్నారు. మా అమ్మాయి పోలండ్‌లో చదువుకోవడానికి వెళ్లి, అక్కడి అబ్బాయిని చేసుకుంటానన్నప్పుడు నాకు మొదట ధైర్యం ఇచ్చింది ఈ మాటే.

ఇప్పటికి మూడుసార్లు వెళ్లొచ్చాం. ఒకసారి చలికాలంలో, ఒకసారి జూన్‌లో, ఒకసారి మనవరాలు పుట్టినప్పుడు. మా వియ్యాలవారిది క్రాకోవ్‌కి తూర్పున ఉన్న తార్నూవ్ దగ్గర ఒక చిన్న ఊరు. నాలాగే మొదటిసారి బయలుదేరుతున్న అమ్మానాన్నల కోసం, అత్తామామల కోసం నేను తెలుసుకున్నదంతా వరుసగా రాస్తున్నాను. ఊళ్లు చూడటం గురించి ఇందులో తక్కువే ఉంటుంది. ఒక పోలిష్ ఇంట్లో చుట్టంగా ఎలా ఉండాలో, వాళ్ల మర్యాదని ఎలా అందుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం.

1. ముందు కాలం చూసుకోండి

మొదటి ప్రయాణానికి మే నుంచి సెప్టెంబర్ మధ్య కాలం మంచిది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. తోటలో బల్ల వేసుకుని గంటల తరబడి కూర్చుంటారు. డిసెంబర్‌లో అయితే మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మంచు మీద నడవడం కష్టం.

ఒక్క క్రిస్మస్ మాత్రం దీనికి మినహాయింపు. డిసెంబర్ 24 రాత్రి భోజనాన్ని ‘విగీలియా’ అంటారు. ఆ పూట బల్ల మీద మాంసం ఉండదు. ఆనవాయితీ ప్రకారం పన్నెండు వంటకాలు చేస్తారు. చేప ఉంటుంది కానీ బీట్‌రూట్ చారు, పుట్టగొడుగుల కజ్జికాయలు, క్యాబేజీ, గసగసాల మిఠాయిలు వంటివి శాకాహారులకి బోలెడు దొరుకుతాయి. మొదటి చుక్క పొడిచాకే భోజనానికి కూర్చుంటారు. టేబుల్ క్లాత్ కింద కాస్త ఎండుగడ్డి పెడతారు. అనుకోకుండా వచ్చే అతిథి కోసం ఒక పళ్లెం ఖాళీగా ఉంచుతారు. భోజనానికి ముందు ‘ఒప్వాతెక్’ అనే పల్చటి తెల్లటి రేకు ఇస్తారు. మీ రేకులోంచి అవతలివాళ్లు ఒక ముక్క తుంచుకుంటారు, వాళ్ల రేకులోంచి మీరు తుంచుకోవాలి, ఒకరికొకరు మంచి జరగాలని చెప్పుకోవాలి. నేను తెలుగులోనే చెప్పాను. మా వియ్యపురాలు పోలిష్‌లో చెప్పింది. ఇద్దరికీ అర్థమైంది.

2. వీసా, ఆహ్వాన పత్రం

పోలండ్ 2007 డిసెంబర్ నుంచి షెంగెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో ఉంది. మీకు కావలసింది షెంగెన్ షార్ట్ స్టే వీసా. ఏ 180 రోజుల వ్యవధి తీసుకున్నా అందులో 90 రోజులకి మించి ఉండకూడదు. ఈ లెక్క పోలండ్ ఒక్కదానికే కాదు, షెంగెన్ దేశాలన్నిటికీ కలిపి. మధ్యలో జర్మనీలో ఉన్న పెద్దబ్బాయి దగ్గర పది రోజులు ఉంటే ఆ పది రోజులూ ఇందులోకే వస్తాయి.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం పదిహేను రోజుల ముందైనా చేయాలని నియమం, కానీ సెలవుల కాలంలో స్లాట్లు దొరకవు, రెండు మూడు నెలల ముందే చూసుకోండి. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జీలు వేరు. పాస్‌పోర్టు గత పదేళ్లలో ఇచ్చినదై, తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలైనా చెల్లుబాటులో ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి తీసుకోవాలి.

పోలండ్‌లో ‘జప్రొషెన్యె’ అనే అధికారిక ఆహ్వాన పత్రం ఉంటుంది. మన జిల్లాలకంటే పెద్దవైన వాళ్ల ప్రాంతాలని వోయెవోద్‌స్త్వో అంటారు. ఆ ప్రాంతపు ప్రభుత్వ కార్యాలయంలో మీ అల్లుడో వియ్యంకుడో దరఖాస్తు పెట్టి దీన్ని తీసుకోవాలి. మీ బస, ఖర్చుల బాధ్యత వాళ్లదని ఆ పత్రం చెబుతుంది. పోలండ్ పౌరులు ఎవరైనా తీసుకోవచ్చు. మీ అమ్మాయి అక్కడికి వెళ్లి ఇంకా అయిదేళ్లు కాకపోతే, శాశ్వత నివాసం రాకపోతే, ఆమె పేరు మీద రాదు, అల్లుడి పేరు మీద తీసుకోమనండి. అసలు కాగితం కొరియర్‌లో తెప్పించుకుని, ప్రయాణంలో చేతి సంచిలో పెట్టుకోండి. ఎయిర్‌పోర్టులో అడగవచ్చు. 2025 అక్టోబర్ నుంచి సరిహద్దులో వేలిముద్రలు, ఫోటో తీసుకునే పద్ధతి మొదలైంది కాబట్టి క్యూలో నిలబడటానికి సిద్ధంగా ఉండండి.

హైదరాబాద్ నుంచి వార్సాకి నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్ లేదా ఢిల్లీ మీదుగా వెళ్లాలి. తల్లిదండ్రులిద్దరే వెళ్తుంటే టికెట్ ధర కంటే మారే చోట మూడు నాలుగు గంటల వ్యవధి ఉందా లేదా అన్నది ముఖ్యంగా చూడండి.

3. సూట్‌కేసులో ఏం పెట్టాలి, ఏం తీసేయాలి

ఈ మెట్టు దగ్గరే మనవాళ్లు ఎక్కువ పొరపాట్లు చేస్తారు. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యి వద్దు. పాలకోవా, కళాకండ్ వద్దు. కోడి పచ్చడి, గోంగూర మటన్, వేటమాంసం పచ్చడి, ఏవీ వద్దు. తాజా పళ్లు, ఆకులు కూడా అంతే. అనాస, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, దురియన్ తప్ప మిగతావాటికి ప్రత్యేక సర్టిఫికెట్ కావాలి. మామిడిపళ్లు, కరివేపాకు రెమ్మలు ఇంట్లోనే వదిలేయండి. మొదటిసారి మా నేతి సీసా ఎయిర్‌పోర్టులోనే ఉండిపోయింది. ఇంట్లో కాచిన నెయ్యి చెత్తబుట్టలో పడితే మనసు చివుక్కుమంటుంది, ఆ బాధ మీకు వద్దు.

ఆవకాయ, మాగాయ, చింతపండు, కారప్పొడులు, ఎండబెట్టిన కరివేపాకు పొడి చెక్-ఇన్ సామానులో పెట్టుకోవచ్చు. నూనె కారకుండా రెండు కవర్లలో సీలు చేయించండి.

కానుకల విషయానికి వస్తే, మా అనుభవంలో అన్నిటికన్నా బాగా నచ్చినవి మూడు. ఒకటి పెడన కలంకారీ టేబుల్ క్లాత్. పండగ పూట బల్ల మీద గుడ్డ పరవకుండా వాళ్లు భోజనం పెట్టరు, కాబట్టి అది బీరువాలో మూలన పడదు. రెండోది అరకు కాఫీ పొడి. మూడోది పిల్లలకి ఏటికొప్పాక లక్కబొమ్మలు. తీపి పెట్టాలనుకుంటే నువ్వుండలు, పల్లీపట్టీలు తీసుకెళ్లండి, అక్కడ నువ్వులు, పల్లీలు అందరికీ తెలుసు.

కోడలికో మనవరాలికో బంగారం తీసుకెళ్తుంటే ఒక మాట. విమానంలో వచ్చేవాళ్లు సుంకం లేకుండా తెచ్చుకోగల వస్తువుల విలువ మనిషికి 430 యూరోలు. ఇవాళ్టి బంగారం ధరకి చిన్న గొలుసైనా దాన్ని దాటుతుంది. కానుకగా తెచ్చినది కస్టమ్స్‌లో చెప్పి, బిల్లు చూపించండి.

4. పది మాటలు, రెండు చిక్కులు

భాష మొత్తం రానక్కర్లేదు. ఈ కొన్ని మాటలు నోటికి రానివ్వండి. ‘జెన్ దోబ్రి’ అంటే నమస్కారం. ‘ప్రోషె’ అంటే దయచేసి, ఇదిగో తీసుకోండి, ఫర్వాలేదు, అన్నీ. ‘ప్షెప్రాషామ్’ అంటే క్షమించండి. ‘స్మచ్నెగో’ అంటే తృప్తిగా తినండి. ‘దోబ్రె’ అంటే బాగుంది. ‘దో విద్జెన్యా’ అంటే వెళ్లొస్తాం. ‘తాక్’ అంటే అవును, ‘న్యె’ అంటే కాదు.

ఇక చిక్కులు. ‘జెంకూయె’ అంటే థాంక్స్. కానీ ఎవరైనా గిన్నె చూపించి వడ్డించనా అన్నప్పుడు ‘జెంకూయె’ అంటే ‘వద్దు’ అని అర్థం. మా ఆయన మొదటి రెండు రోజులూ కృతజ్ఞతతో జెంకూయె అంటూ ఉంటే మా వియ్యపురాలు బాధగా గిన్నె వెనక్కి తీసుకెళ్లేది. కావాలంటే ‘ప్రోషె’ అనండి, లేదా ‘తాక్, ప్రోషె’. రెండో చిక్కు, పోలిష్‌వాళ్లు మాటల్లో ‘నో’ అంటారు. అది ఇంగ్లీషు నో కాదు, మన ‘ఊఁ’ లాంటిది. ఫోన్‌లో ‘నో, నో, నో’ అని వినిపిస్తే పోట్లాట అనుకోకండి. అలాగే మనం అవునన్నట్టు తల అడ్డంగా ఆడిస్తే వాళ్లకి అర్థం కాదు. నోటితో తాక్ అనో న్యె అనో చెప్పండి.

పిలుపుల్లో మనకి చాలా సులువు. మనం ‘గారు’ అన్నట్టే వాళ్లు మగవాళ్లని ‘పాన్’, ఆడవాళ్లని ‘పాని’ అంటారు, కాకపోతే అది పేరుకి ముందు వస్తుంది. వియ్యపురాలిని పేరు ముందు పాని చేర్చి పిలవండి. ఉత్త పేరుతో పిలుచుకుందామని పెద్దవాళ్లే అడిగేదాకా ఆగాలి. మనవలకి మీరు అమ్మమ్మ, తాతయ్యలే. వాళ్ల నానమ్మ ‘బాబ్చా’, తాత ‘జాదెక్’, పిన్ని, అత్త, పెద్దమ్మ ఎవరైనా ‘చోచా’. ఎవరు ఎవరికి ఏమవుతారో వెళ్లేముందే అమ్మాయి చేత ఒక కాగితం మీద రాయించుకోండి. ఆదివారం భోజనానికి పదిహేనుమంది వస్తే ఆ కాగితమే దిక్కు.

5. గడప దగ్గర

పోలండ్‌లో గడప మీద పలకరింపులు అశుభం. గడపకి ఇవతల మీరు, అవతల వాళ్లు ఉండగా చెయ్యి చాపకూడదు, వస్తువు ఇవ్వకూడదు. లోపల అడుగుపెట్టాకే. గడప మీద కూర్చోవద్దనీ, తుమ్మొద్దనీ చెప్పే ఇళ్లలో పెరిగిన మనకి దీన్ని వివరించక్కర్లేదు.

చేతిలో పూలు ఉండాలి. అవి ఇంటి ఇల్లాలికి ఇవ్వాలి. సంఖ్య బేసిగా ఉండాలి, మూడు, అయిదు, ఏడు. సరిసంఖ్య చావుకి తీసుకెళ్తారు. ఇంకొకటి మరీ ముఖ్యం, చామంతులు వద్దు. మనకి అవి దేవుడి పూలు, గుమ్మానికి కట్టే పూలు. అక్కడ నవంబర్ 1న పెద్దలని తలుచుకునే రోజున సమాధుల మీద పెట్టే పూలు. ఆ రోజు సాయంత్రం శ్మశానాలన్నీ దీపాలతో, చామంతులతో నిండిపోతాయి. చుట్టం చామంతులు పట్టుకుని గుమ్మంలో నిలబడితే వాళ్ల గుండె కలుక్కుమంటుంది. గులాబీలో, ఆ కాలపు తోటపూలో తీసుకెళ్లండి. ఆదివారాలు చాలా వరకు షాపులు మూసేసి ఉంటాయి కానీ పూల కొట్లకి ఆ నిషేధం లేదు.

చెప్పులు గుమ్మం దగ్గరే విప్పాలి. ‘విప్పకండి, ఫర్వాలేదు’ అని వాళ్లు అంటారు, అయినా విప్పండి. వెంటనే ‘కప్చె’ అనే ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు ఇస్తారు. వద్దనకండి. వట్టి కాళ్లతో తిరిగితే జబ్బు చేస్తుందని వాళ్ల నమ్మకం.

దగ్గరివాళ్లు బుగ్గకి బుగ్గ ఆనించి పలకరిస్తారు. పాతతరం పెద్దాయనలు ఆడవాళ్ల చెయ్యి అందుకుని ముద్దుపెట్టుకోవడం ఇంకా ఉంది. అది పూర్తిగా గౌరవమే. అలవాటు లేక ఇబ్బంది అనిపిస్తే, ఆయన దగ్గరికి వచ్చేలోపే రెండు చేతులూ జోడించి నవ్వుతూ నమస్కారం పెట్టండి. మా వియ్యంకుడి అన్నగారు అది చూసి తనూ చేతులు జోడించారు. ఇప్పుడు ఫోన్‌లో వీడియో కాల్ చేసినా అలాగే పలకరిస్తారు.

పిలిచిన టైముకి వెళ్లండి. పది నిమిషాలు ఆలస్యమైతే పట్టించుకోరు, కానీ ముందుగా మాత్రం వెళ్లకండి.

6. భోజనాల బల్ల

అసలు సంగతి ఇక్కడే ఉంది. ‘గోష్చ్ వ్ దోమ్, బూగ్ వ్ దోమ్’ అని వాళ్ల సామెత. అతిథి ఇంట్లోకి వస్తే దేవుడు ఇంట్లోకి వచ్చినట్టే. మనం చిన్నప్పటి నుంచి విన్న అతిథి దేవో భవ వాళ్ల భాషలో వినిపించినప్పుడు ఒళ్లు పులకరించింది. ఈ మాటని వాళ్లు తిండితోనే నిజం చేస్తారు.

పెద్ద భోజనం రాత్రి కాదు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు మధ్య. దాన్ని ‘ఓబ్యాద్’ అంటారు. ఆదివారం ఓబ్యాద్‌కి ఒక వరస ఉంది. మొదట ‘రోసూవ్’, అంటే కోడి ఎముకలు గంటల తరబడి సన్నసెగ మీద ఉడికించి, వడగట్టి, సేమ్యాలాంటి పిండితీగలు వేసిన తేటచారు. తర్వాత రెండో పళ్లెం. పంది మాంసపు కట్‌లెట్, సోయకూర చల్లిన ఉడికించిన బంగాళాదుంపలు, పుల్లటి మీగడలో కలిపిన దోసకాయ ముక్కలు. తాగడానికి ‘కోంపొత్’, పళ్లు నీళ్లలో ఉడికించిన పానీయం. అంతటితో అయిపోయిందనుకోకండి. గంట తర్వాత కాఫీ, టీ, కేకులు వస్తాయి. జున్ను కేకు ‘సెర్నిక్’, ఆపిల్‌తో చేసే ‘షర్లోత్కా’, గసగసాలు నూరి చుట్టిన ‘మకోవ్యెత్స్’. గసగసాలని మసాలాలో చెంచాడు వేసుకునే మనకి, కేకు నిండా నల్లగా గసగసాలే ఉండటం కొత్త. రుచి మాత్రం వెంటనే దగ్గరైపోతుంది. సాయంత్రం ఏడింటికి మళ్లీ బ్రెడ్డు, జున్ను, టమాటాలతో తేలిక భోజనం.

కాబట్టి పద్ధతి ఇది. మొదటి వడ్డన సగమే పెట్టించుకోండి. మనం మారు వడ్డించుకోవడం అన్నదానికి వాళ్ల మాట ‘దొక్వాత్కా’. వండినావిడకి మీరు ఎంత తిన్నారన్నదానికంటే దొక్వాత్కా అడిగారా లేదా అన్నదే ముఖ్యం. మొదటే పళ్లెం నింపేసుకుని, మారు వద్దంటే ఆవిడకి వంట కుదరలేదేమో అన్న దిగులు. సగం పెట్టించుకుని, ‘దోబ్రె’ అని, మారు అడిగితే ఆవిడ ముఖం చూడాలి. ఇల్లాలు కూర్చుని స్మచ్నెగో అనేదాకా చెంచా ముట్టకండి. పళ్లెంలో వదిలేయకండి. యుద్ధకాలపు ఆకలి, తర్వాత రేషను క్యూలు చూసిన పెద్దవాళ్లు చాలామంది ఇంకా ఉన్నారు, బ్రెడ్డు ముక్క కింద పడితే తీసి ముద్దుపెట్టుకునే అలవాటు వాళ్లది.

కొన్ని రుచులు మన ఇంటివే అనిపిస్తాయి. వేసవిలో వాళ్లు చేసే ‘ష్చాఫ్’ సూపు తాగండి. ఆ ఆకు మన చుక్కకూర జాతిదే, అదే పులుపు, పైన ఉడికించిన గుడ్డు వేస్తారు. ‘జూరెక్’ అనే చారుకి రై పిండిని నీళ్లలో కలిపి నాలుగైదు రోజులు పులియబెడతారు. తరవాణి తెలిసినవాళ్లకి ఆ వాసన కొత్త కాదు. అయితే అందులో సాసేజ్ వేస్తారు, చూసుకోండి. మజ్జిగకి ‘మష్లాంకా’ అని అడగండి, ఏ షాపులోనైనా దొరుకుతుంది. పాలు పులియబెట్టి గడ్డకట్టించిన ‘ష్షాద్వె మ్లెకో’ని వేసవిలో కొత్త బంగాళాదుంపలతో తింటారు. నేను దాన్ని అన్నంలో కలుపుకున్నాను. బియ్యం వంద గ్రాముల చిల్లుల సంచుల్లో వస్తుంది, సంచితో పాటే నీళ్లలో ఉడికిస్తారు. అన్నంలో ఆపిల్, దాల్చినచెక్క కలిపి తీపిగా తినడం వాళ్లకి మామూలు, ఆశ్చర్యపోయినట్టు కనపడకండి.

టీ అంటే నల్ల టీ, నిమ్మచెక్కతో. పాలు పోసిన టీని ‘బవార్కా’ అంటారు. అది బాలింతలు తాగాలని పాతకాలం మాట. నేను పాలు అడిగినప్పుడు చోచాలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది అందుకే. అడగొచ్చు, తప్పేం లేదు, కారణం తెలిసుంటే మంచిదని చెప్తున్నాను.

7. శాకాహారులైతే

రెండు వారాల ముందే చెప్పించండి, రాతపూర్వకంగా. ‘న్యె యెమ్ మ్యెంసా’ అంటే నేను మాంసం తినను. కానీ అక్కడ చేప మాంసం కిందికి రాదు, కొందరు పెద్దవాళ్ల లెక్కలో కోడి కూడా మాంసం కాదన్నట్టే ఉంటుంది. అందుకని చేప, కోడి, మాంసపు చారు, పంది కొవ్వు అని పేరుపేరునా రాయాలి. గుడ్డు తింటారా లేదా అన్నది కూడా. కేకులన్నిటిలో గుడ్డు ఉంటుంది.

దొంగచాటుగా వచ్చేవి ఇవి. ‘పియెరోగి’ మన కజ్జికాయ ఆకారంలో ఉండే ఉడికించిన వంటకం. బంగాళాదుంప, తెల్ల జున్ను, ఉల్లిపాయ కూరినవి పియెరోగి రుస్కియె. లోపల శాకాహారమే, పైన మాత్రం వేయించిన పందికొవ్వు ముక్కలు చల్లుతారు. అవి లేకుండా వెన్న వేయమనండి. బల్ల మీద తెల్లగా, వెన్నలా కనిపించే ‘స్మాలెత్స్’ పందికొవ్వు. జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ ఉండొచ్చు. గొడ్డుమాంసం తినరని చెప్పాలంటే ‘వొవోవినా’ వద్దనండి, పంది మాంసం ‘వ్యెప్షొవినా’.

తినగలిగినవి చెప్పడం మరీ మంచిది. బంగాళాదుంప అట్లు, జున్ను పెట్టి మడిచిన నలెష్నికి అట్లు, పుట్టగొడుగులు క్యాబేజీ పియెరోగి, నేరేడు రంగు పళ్లు కూరిన తీపి పియెరోగి, ఉప్పునీళ్లలో ఊరిన దోసకాయలు. ‘ఇవి చేయండి’ అంటే వండేవాళ్ల టెన్షన్ సగం తగ్గిపోతుంది.

8. మందు పోస్తే

చిన్న గ్లాసుల్లో వోడ్కా, ‘నా జ్‌ద్రోవ్యె’ అంటూ ఆరోగ్యం కోరడం పండగ బల్ల మీద ఉంటుంది. ఇంట్లో పళ్లతో ఊరబెట్టిన మద్యం పెద్దాయనల గర్వకారణం. తాగనివాళ్లు ‘న్యె పియె’ అని మొదటి గ్లాసుకే చెప్పి, గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టండి. ఒకటి తాగి రెండోది వద్దంటే బతిమాలతారు. అసలు తాగనంటే ఒప్పుకుంటారు. కోంపొత్ గ్లాసు ఎత్తి మీరూ నా జ్‌ద్రోవ్యె అనండి. పుట్టినరోజైతే అందరూ లేచి ‘స్తో లాత్’ అని పాడతారు. నూరేళ్లు అని అర్థం. శతమానం భవతి అని దీవించే మనం నిలబడి చప్పట్లు కొట్టడానికి ఇంకేం కావాలి.

9. ఇంట్లో గడిపే రోజులు

స్నానాల గదిలో నేల పొడిగా ఉండాలి, నీళ్లు పోవడానికి తూము ఉండదు. టబ్బులోనో అద్దాల గదిలోనో మాత్రమే నీళ్లు పోసుకోవాలి. చిన్న ప్లాస్టిక్ మగ్గు సామానులో పెట్టుకోండి. బయట టాయిలెట్ల మీద గుండ్రం గుర్తు ఆడవాళ్లది, త్రికోణం మగవాళ్లది.

కిటికీ, తలుపు ఎదురెదురుగా తీసి గాలి ఆడనివ్వడం మనకి హాయి, వాళ్ల పెద్దలకి భయం. ఆ ఎదురుగాలిని ‘ప్షెచోంగ్’ అంటారు, రోగాలన్నీ దాంట్లోంచే వస్తాయంటారు. చల్లటి మెట్టు మీద కూర్చుంటే బాబ్చాలు లేపేస్తారు. వాదించకండి, మన పెద్దవాళ్లు తలకి మంచు తగలనివ్వొద్దన్నట్టే అది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా అపార్ట్‌మెంట్లలో శబ్దం చేయకూడదు, కాబట్టి తెల్లవారుజామున మిక్సీ వేయకండి. ఇండియాకి ఫోన్లు కూడా మెల్లగా మాట్లాడాలి.

వంటింట్లో సాయం చేస్తానంటే మొదటి రోజు ఒప్పుకోరు. రెండో రోజు మళ్లీ అడగండి. మూడో రోజుకి బంగాళాదుంపలు చెక్కు తీసే పని మీకు వస్తుంది, అప్పటినుంచి మీరు ఇంటి మనిషే. నాకు పియెరోగి అంచులు మడవడం ఇచ్చారు. కజ్జికాయలు అల్లిన చేతికి అది ఎంతసేపు?

పురిటికి వెళ్తున్నవాళ్లకి ఒక మాట. పుట్టకముందే ఉయ్యాలబండి ఇంటికి తేకూడదన్న పట్టింపు చాలా ఇళ్లలో ఉంది. పుట్టాక దిష్టి తగలకుండా బండికి ఎర్ర రిబ్బను కడతారు. మేము బుగ్గన నల్లచుక్క పెడితే మా వియ్యపురాలు ఎందుకని అడగలేదు, తను కట్టిన రిబ్బను చూపించింది అంతే.

10. మీరు వండి పెట్టే రోజు

ఒక పూట తప్పకుండా వండండి. కారం పావు వంతుకి తగ్గించండి, పులుపు తగ్గించక్కర్లేదు, వాళ్లకి ఇష్టం. నిమ్మకాయ పులిహోర, ముద్దపప్పు, బంగాళాదుంప వేపుడు, బీట్‌రూట్ కూర, అప్పడాలు, సేమ్యా పాయసం చాలు. నెయ్యి అక్కడి ఉప్పు లేని వెన్న కొని కాచండి, మంచి ఘుమఘుమ వస్తుంది. ఆవకాయ బల్ల మీద పెట్టి, గోరంత చాలని ముందే హెచ్చరించండి. శనివారమే సామాన్లు తెచ్చుకోండి, ఆదివారం పెద్ద షాపులు మూతే. చేత్తో కలుపుకుని తినడం చూపిస్తే పిల్లలు ముందు, పెద్దలు తర్వాత మొదలుపెడతారు.

11. ఏం మాట్లాడుకోవాలి

భాష రాకపోయినా ఫోటోల ఆల్బమ్ మాట్లాడుతుంది. పాత ఫోటోలు ప్రింటు వేసి తీసుకెళ్లండి. వాళ్ల ఆల్బమ్‌లో యుద్ధంలో పోయిన మనుషులు ఉంటారు, ఎవరని అడిగి, నెమ్మదిగా వినండి. పోలండ్‌ని రష్యాతో కలిపి మాట్లాడటం, చర్చి గురించి, రాజకీయాల గురించి వాదించడం వద్దు. మన దేశంతో వాళ్లకున్న ఒక బంధం చాలామందికి తెలుసు. రెండో ప్రపంచయుద్ధంలో ఇల్లూ వాకిలీ పోయిన పోలిష్ పిల్లలకి 1942లో నవానగర్ మహారాజు జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ గుజరాత్‌లోని బాలాచడిలో ఆశ్రయం ఇచ్చారు. వార్సాలో ‘మంచి మహారాజు’ పేరుతో ఒక కూడలి ఉంది. మా వియ్యంకుడు మమ్మల్ని వార్సా తీసుకెళ్లినప్పుడు కోటకంటే ముందు అక్కడికే నడిపించారు.

క్రాకోవ్ దగ్గర్లో చూడాల్సిన వాటిలో వ్యెలీచ్కా ఉప్పుగని ఒక్కటి చెప్తాను. మొదట్లోనే 380 మెట్లు దిగాలి. మోకాళ్లు బాగుంటేనే వెళ్లండి.

12. బయలుదేరేటప్పుడు

వెళ్లొస్తాం అన్నాక గంట పడుతుంది, అది లెక్కలో పెట్టుకోండి. బల్ల దగ్గర ఒకసారి, గదిలో ఒకసారి, కారు దగ్గర ఒకసారి చెప్పుకోవాలి. గడప మీద మాత్రం వద్దు. చేతికి ఒక సంచి ఇస్తారు. ఊరి నుంచి వెళ్లేవాళ్లకి కట్టిచ్చే తిండిమూటని ‘వవూఫ్కా’ అంటారు. అందులో జామ్, ఊరిన దోసకాయలు, పాలకోవా రుచి వచ్చే ‘క్రూఫ్కి’ మిఠాయిలు ఉంటాయి. బరువు ఎక్కువవుతుందని తిరిగి ఇవ్వకండి. సూట్‌కేసులో అయిదు కిలోలు ఖాళీ ముందే ఉంచుకోండి. గాజు సీసాలని స్వెట్టర్లలో చుట్టి మధ్యలో పెట్టండి. ఇల్లు చేరగానే, ఎంత రాత్రైనా, చేరామని ఒక మెసేజ్ పెట్టండి. వాళ్లు మేలుకుని ఉంటారు.

ఆ సీసాలు పారేయకండి. అక్కడ సీసాలు కడిగి, మూతతో సహా తిరిగి ఇవ్వడం మర్యాద, వచ్చే ఏడాది జామ్‌కి అవే కావాలి. పక్కింటివాళ్ల గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మా అమ్మ అనేది. మా వంటింటి అటక మీద ఇప్పుడు నాలుగు సీసాలున్నాయి. రెండింట్లో ఈ వేసవి మాగాయ, ఒకదాంట్లో నువ్వులపొడి, ఇంకొకదాంట్లో కారం తగ్గించి మా వియ్యపురాలి కోసమే కలిపిన ఆవకాయ.